బెల్లం పడిన జావ

కృత్తిక కార్తె, ఎనిమిదో రోజు

ఈ పుస్తకం పద్నాలుగో లంక జావ మిల్లుది. ఇందులో తూకాలు, తేమ, ఎండ, పొరపాట్లు మాత్రమే రాయాలని మొదటి పేజీలో నియమం ఉంది. ఆ నియమం పెట్టినవాళ్ళు ఇక్కడ ఒక్క పూట కూడా పనిచేసి ఉండరు. నేను షిఫ్టు ఇన్‌చార్జి కడలి హైమవతిని, నాకు తోచిందంతా రాస్తాను. ఎవరైనా అడిగితే అప్పుడు సమాధానం చెప్పుకుంటాను.

ఈ రోజు లెక్క: సరుగుడు దుంగలు పన్నెండు. జావ నాలుగు తొట్లు. ఎండ దంచేస్తోంది. పోటు వల్ల లంక నిన్నటికన్నా జానెడు ఎత్తున తేలుతోంది.

పొద్దున మా వంటింటి నేల కాస్త పగిలితే మిల్లు నుంచి గరిటెడు జావ తెచ్చి పూశాను. మధ్యాహ్నానికి ఎండి బిగుసుకుంది. రోకలితో కొట్టి చూస్తే రోకలే ఎగిరిపడింది. మా నేల, గోడలు, కిటికీ రేకులు, పడవలు అన్నీ ఈ జావ ఎండగా వచ్చినవే. సరుగుడు కర్రని కంటికి కనిపించనంత సన్నటి పీచుగా చీల్చి నీళ్ళలో తేలిస్తే జావ. చూడ్డానికి మాత్రం జబ్బు మనిషికి పట్టే సగ్గుబియ్యం జావే. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నా నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

సాయంత్రం పడవలో డెల్టా సంఘం వాళ్ళ ఉత్తరం వచ్చింది. మా మేనేజరు భద్రిరాజు గారు చదివారు. తొంభై ఆరు కిలోల మనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు. చదివాక కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"డెల్టాలో లంకకో మిల్లు అయిపోయిందటండి. మన బల్లలూ రేకులూ ఇంక ఎవరికీ అక్కర్లేదంట. మృగశిర కార్తె దాటేలోపు బయటి ఊరి ఆర్డరు ఒక్కటైనా చేసి చూపించకపోతే మిల్లు ఆపేసి లంక విప్పేస్తారంట" అన్నారు.

విప్పడం అంటే నిజంగా విప్పడమే. మా లంకలో నలభై రెండు తెప్పలు, తెప్పకో ఇల్లు. ప్రతి తెప్పా పక్క తెప్పకి నాలుగు కొక్కేలతో తగిలించి ఉంటుంది. ఆ కొక్కేలు తీసేస్తే ఇక లంక లేదు. ఎవరి తెప్పని ఎటు లాక్కుపోయి ఏ లంకకి తగిలిస్తారో వాళ్ళిష్టం.

సూరాయమ్మ పిన్ని అక్కడే చాపలు దులుపుతోంది. మిల్లులో ఆరబెట్టే పని అంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. అరవై మూడేళ్ళు. మా పక్క తెప్ప ఆవిడదే. ఆరేళ్ళ కిందట పన్నెండో లంకని విప్పినప్పుడు ఆవిడ తెప్ప ఇటు వచ్చింది, చెల్లెలు చిన్నమ్ములు తెప్ప తొమ్మిదో లంకకి పోయింది. పోటు కలిసొస్తే ఏడాదికి రెండుసార్లు చూసుకుంటారు. పిన్ని తెప్ప తూర్పు వైపు కొక్కేలు నాలుగూ అప్పటి నుంచి ఖాళీ. వాటికి వారానికోసారి నూనె రాస్తుంది. ఎందుకని ఎవరమూ అడగం.

"మళ్ళీనా?" అంది పిన్ని. అంతే, చాప దులపడం ఆపలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

కృత్తిక, తొమ్మిదో రోజు

పొద్దుటి నుంచి రేడియో ముందే కూర్చున్నాను. ఇరవై మూడు ఊళ్ళని పిలిచాను. ఇరవై రెండు ఊళ్ళు మర్యాదగా వద్దన్నాయి. ఇరవై మూడోది అనంతపురం వైపు ఎర్రకుంటపల్లి. అక్కడి కుంటల కమిటీ పెద్ద ఓబులేశు మాట్లాడాడు.

"మా ఊర్లో ఏడు కుంటలుండాయక్కా, అన్నీ తాగే నీళ్ళే. దినానికి వేలెడు ఆవిరైపోతాండాయి. ఇట్లే పోతే ఇంగో నెలకి బురద తాగల్ల మేము. మీ చెక్క నురగ బిళ్ళలు పైన కప్పితే నీళ్ళు నిలుస్తాయంట గదా, నిజమేనా?"

నిజమే. జావలో కుంకుడు రసం పోసి గిలక్కొట్టి, అచ్చుల్లో పోసి ఎండబెడితే నురగ బిళ్ళ అవుతుంది. వేలెడు మందం, నీళ్ళ మీద తేలుతుంది, ఎండని కిందికి దిగనివ్వదు. ఏడు కుంటలకి సరిపడా బిళ్ళలు చెయ్యాలంటే నలభై టన్నుల జావ కావాలి. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను.

భద్రిరాజు గారు కాగితం తీసుకుని లెక్క వేశారు. అక్కడికి రోడ్లు ఎప్పుడో పోయాయి, ఎగిరి వెళ్ళే గాలిపడవ ఒక్కటే దారి. అది మోసేది పన్నెండు వందల కిలోలు. నలభై టన్నుల జావలో కర్ర ఎనిమిది వందల కిలోలు మాత్రమే, మిగతాదంతా ఉత్త నీళ్ళు. పోనీ బిళ్ళలు ఇక్కడే చేసి పంపుదామంటే బిళ్ళలో దాదాపు అంతా గాలే, గాలిపడవలో పదో వంతు కూడా పట్టవు.

"జావ ఎండబెట్టి పంపి, అక్కడ నానబెట్టుకోమంటే?" అంది పిన్ని వెనక నుంచి.

ఈ ప్రశ్న మిల్లులో కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ అడుగుతారు, అన్నీ తెలిసిన పిన్ని కూడా అడిగిందంటే ఆశ కొద్దీనే. జావ ఒకసారి ఎండిందంటే పీచు పీచుని పట్టుకుంటుంది, ఇక వదలదు. నానబెట్టినా, ఉడకబెట్టినా, బతిమాలినా మళ్ళీ జావ కాదు. మా నేల వానకి కరగనిది అందుకే.

"మనం నీళ్ళన్నా మొయ్యాలి, గాలన్నా మొయ్యాలి. ఆ రెండూ లేకుండా అమ్మే సరుకు మన దగ్గర లేదండి" అని భద్రిరాజు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఓబులేశుకి కుదరదని చెప్పలేకపోయాను. చూస్తామన్నాను.

కృత్తిక, పదకొండో రోజు

ఎవర్ని తిట్టాలో తెలియక ఈ పుస్తకాన్ని తిడుతున్నాను.

పొద్దున మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన పడవలో రెండు గంపల మామిడిపళ్ళు దిగాయి. ఉప్పునీళ్ళు వచ్చాక డెల్టాలో మామిడి చెట్టు మిగల్లేదు. మేము మామిడిపండు మొహం చూసి పదకొండేళ్ళు. లంకంతా అదే వాసన. పనివాళ్ళు దుంగలు వదిలేసి గంపల చుట్టూ మూగారు. నేనూ మూగాను, అబద్ధం ఎందుకు.

సూరాయమ్మ పిన్ని వాళ్ళది తాండ్ర చేసే ఇల్లు. చాప మీద మామిడి రసం పలచగా పరచడం, ఎండాక దాని మీద ఇంకో పొర, ఆ మీద ఇంకోటి. మిల్లు ఆవిడని తీసుకున్నది ఆ చేతి కోసమే. జావనీ అలాగే పొర మీద పొర పరిచి కిటికీ రేకులు తీస్తుంది. ఆవిడ రేకులో బుడగ అన్నమాట ఉండదు.

ఆవిడ ఇవాళ జావ ఆరబెట్టే మిల్లు గట్టు చివర, నాకు కనపడదనుకుని, రెండు చాపలు తాండ్రకి వేసుకుంది. దాచుకున్న తాటిబెల్లం ఐదు కిలోలూ పాకం పెట్టి కుండలో తెచ్చింది. ఒక పక్క మామిడి రసం గంగాళం. ఇంకో పక్క మూడో తొట్టి, వెయ్యి లీటర్ల జావ, తెడ్డు తిరుగుతోంది.

కుండెత్తి పాకం మొత్తం తొట్టిలో వంచేసింది.

"పిన్నీ! ఏం పోశావు అందులో?" అని అరిచాను.

"ఏటి పోసాను... అయ్యయ్యో! సెయ్యి పోసేసిందే అమ్మాయ్! నలభై ఏళ్ళు ఇదే సెయ్యి, ఇదే పాకం. ఆ వాసనకి అది నా మాట ఇనలేదే!"

అప్పటికే తెడ్డు కలిపేసింది. జావ గోధుమ రంగుకి తిరిగింది. నేను ఏమేం అన్నానో రాయను. పెద్దావిడని అనకూడనివే అన్నాను. పిన్ని తలవంచుకుని నిలబడింది. ఈలోపు అటు పెట్టిన మామిడి రసం కాకుల పాలైంది.

భద్రిరాజు గారు వచ్చి తొట్టిలోకి తొంగి చూసి, "పారబోస్తే చేపలు ఊరుకోవు. పరిచి చూడండి, ఏదో ఒకటి అవుతుంది" అని వెళ్ళిపోయారు.

కృత్తిక, పదమూడో రోజు

అయింది. గోధుమ రంగు రేకులు, మెత్తగా, వేలికి అంటుకుంటూ. మడిస్తే మడత పడుతున్నాయి. కిటికీకి పనికిరావు, నేలకీ పనికిరావు. ఎర్ర సిరాతో ఇలా రాస్తున్నాను. నష్టం: తొట్టి ఒకటి. కారణం: మట్టపర్తి సూరాయమ్మ పొరపాటు.

అదిగాక చీమలు. చుట్టూ నాలుగు మైళ్ళు నీళ్ళున్న లంకలోకి ఇన్ని చీమలు ఎలా వస్తాయో నాకు తెలీదు. రేకుల మీద నల్లగా బారులు తీరాయి. పిన్నికి వాటిని పారేయడానికి మనసొప్పలేదు. చీమలన్నా చస్తాయని రేకులన్నీ చుట్టి, నీళ్ళున్న తొట్టిలో పడేసింది.

"ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకుంటానులే" అంది నా మొహం చూడకుండా.

ఆర్డరు కుదరలేదని సంఘానికి రాయాల్సిన ఉత్తరం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాసి ఆపేశాను.

కృత్తిక, పద్నాలుగో రోజు

నిలబడే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించాలి.

పొద్దున గట్టు మీదకి వెళ్తే పిన్ని తొట్టి నిండా జావ. చక్కటి, చిక్కటి, ముద్దలు లేని జావ. నాకు తిక్క రేగింది. అసలే నష్టంలో ఉంటే మంచి జావ తెచ్చి ఇక్కడ పోసిందెవరని అందర్నీ వరసగా అడిగాను. అందరూ తమకి తెలీదన్నారు. పిన్ని వచ్చి తొట్టిలో చెయ్యి పెట్టి అటూ ఇటూ వెతికింది.

"నిన్న నేను రేకులేసిన తొట్టి ఇదేనే. మరి రేకులేయీ?"

అప్పుడు చూశాను. జావ మీద చచ్చిన చీమలు తేలుతున్నాయి.

నేను అక్కడే చతికిలబడ్డాను. ఎండిన జావ మళ్ళీ జావ అయింది! తొమ్మిదేళ్ళుగా కొత్తవాళ్ళకి జరగదని చెబుతూ వచ్చిన పని, ఒక రాత్రి నీళ్ళలో పడుకుని దానంతటదే జరిగిపోయింది. లేచి పిన్నిని వాటేసుకుని, వదిలేసి, తెప్పల మీదుగా పరిగెత్తి భద్రిరాజు గారి తలుపు బాదాను. ఆయన సగం గడ్డంతో బయటికి వచ్చారు. నేను చెప్పింది ఆయనకి మూడోసారికి అర్థమైంది. మిగతా సగం గడ్డం సాయంత్రం దాకా అలాగే ఉంది.

ఇద్దరం కూర్చుని ఆలోచిస్తే సంగతి చిన్నదే. బెల్లం పీచుకీ పీచుకీ మధ్య దూరి కూర్చుంది. ఎండుతున్నప్పుడు ఒకదాన్నొకటి పట్టుకోనివ్వలేదు. నీళ్ళు తగలగానే బెల్లం కరిగిపోయింది, పీచు దేనికది విడిపోయింది. ఐదు కిలోల బెల్లం, ఇరవై కిలోల కర్ర. అంటే ఎనిమిది వందల కిలోల కర్రకి రెండు వందల కిలోల బెల్లం. మొత్తం వెయ్యి కిలోలు. గాలిపడవ పన్నెండు వందలు మోస్తుంది!

ఎర్ర సిరాతో రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఈ పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదు. నా ఖర్మ.

రోహిణి కార్తె, ఒకటో రోజు

మా మిల్లులో గట్టితనం పరీక్ష అంటే భద్రిరాజు గారే. రెండు వేళ్ళ వెడల్పు పట్టీ తీసి దూలానికి కడతాం, ఆయన దాన్ని పట్టుకుని వేలాడతారు. తెగకపోతే సరుకు మంచిది. ఆయన పట్టీకి వేలాడడం చూడ్డానికి జనం పిల్లాపాపలతో వస్తారు.

నానిన జావతో చేసిన పట్టీ ఇవాళ కట్టాం. దూలం నీళ్ళ మీదికి ఉంటుంది. ఆయన రెండు చేతులా పట్టుకుని కాళ్ళు ఎత్తారు. పట్టీ బెత్తెడు సాగింది. మూరెడు సాగింది. భద్రిరాజు గారు మెల్లగా, హుందాగా కిందికి దిగుతూ దిగుతూ నడుము దాకా నీళ్ళలోకి వెళ్ళాక అది తెగింది.

ఎవ్వరూ నవ్వలేదు. అంటే అందరికీ భయం ఎంత ఉందో చూడండి.

సూరాయమ్మ పిన్ని మాత్రం తెగిన ముక్క తీసి నాలిక్కి తగిలించుకుంది. "ఇదింకా తియ్యగా ఉందండి రాజుగారూ. లోపల బెల్లం ఉన్నంతసేపూ ఇది పట్టు పట్టదు. నానేసినాక కడగాల. గుడ్డలో మూటగట్టి ఏలాడదీసి, నీళ్ళు దిగాక మళ్ళీ నీళ్ళోసి, తీపి పోయేదాకా" అంది.

మాకు ఎవరికీ తట్టలేదు. ఎండేటప్పుడు బెల్లం ఉండాలి, నానాక పోవాలి. అంతే కదా!

రోహిణి, మూడో రోజు

మూడుసార్లు కడిగిన జావ. ప్రతిసారీ పిన్ని నాకి చూసి తల అడ్డంగా ఊపింది, మూడోసారి నిలువుగా ఊపింది. పట్టీ తీసి, ఎండబెట్టి, దూలానికి కట్టాం.

భద్రిరాజు గారు ఈసారి పంచె ఎగ్గట్టి సిద్ధమై వచ్చారు. వేలాడారు. పట్టీ కదల్లేదు. ఊగారు. కదల్లేదు. ఒక చెయ్యి వదిలేసి, "హైమమ్మా, ఆ టీ గ్లాసు ఇలా అందించండి" అన్నారు. వేలాడుతూనే టీ మొత్తం తాగారు. లంక లంకంతా ఒకటే కేకలు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అప్పటికప్పుడు ఓబులేశుని పిలిచాను.

"ఎండు రేకులు పంపుతామండీ. మీరు నానబెట్టి, మూడుసార్లు కడిగి, కుంకుడు రసంతో గిలక్కొట్టి పోసుకోవాలి."

"కడిగేదానికి నీళ్ళు యాడివక్కా? ఆ నీళ్ళ కోసమే గదా ఇదంతా" అన్నాడు.

పిన్ని రేడియో దగ్గరికి వంగి అందుకుంది. "కడిగిన నీళ్ళు పారబోత్తారేటండి? బెల్లం నీళ్ళే అయ్యి. మీ గొర్రెలకీ మేకలకీ పెట్టండి, అయ్యెలాగూ తాగాల కదా!"

అవతల నవ్వు. "ఎవురక్కా ఆయమ్మ? భలే జెప్పింది. సరే, అంపియండి. గాలిపడవ అతను రోహిణి పద్నాలుగున వస్తాడంట. అది దాటితే గాలులకి ఎగరలేనంటాండాడు. ఆ పొద్దు తప్పితే ఇంగ లేదు."

పదకొండు రోజులున్నాయి. సరిపోతాయి.

రోహిణి, ఐదో రోజు

బెల్లం చాలదు. మిల్లులో బెల్లం ఎందుకుంటుంది? తెప్ప తెప్పకీ తిరిగాను. ఇంటికి ఐదు కిలోలు కావాలి, తిరిగి ఎప్పుడిస్తామో తెలీదు అని చెప్పాను. ఏడాదంతటికీ దాచుకున్న తాటిబెల్లం అది, ఇవ్వడమంటే పండగలన్నీ చప్పగా గడవడమే. ఒక్కరూ లేదనలేదు. ఒకావిడ మాత్రం డబ్బా ఇచ్చి, మళ్ళీ లాక్కుని, చిన్న ముక్క కొరుక్కుని అప్పుడిచ్చింది.

గట్టు మీద మూడు వందల చాపలు పరిచాం. పిన్ని పాతికమందికి చేతి ఒడుపు నేర్పుతోంది. "అట్టా కాదే, పిండి రుద్దినట్టు రుద్దకు. పసిబిడ్డకి నూనె రాసినట్టు రాయి." చీమలకి అడ్డంగా చాపల చుట్టూ నీళ్ళ కాలవలు తీయించింది. నేను ఆవిడ చెప్పిన పని చేస్తున్నాను. షిఫ్టు ఇన్‌చార్జి ఎవరో ఇప్పుడు నాకే తెలీదు.

రోహిణి, ఎనిమిదో రోజు

ఎండిన రేకులు నాలుగు వందల కిలోలు. భద్రిరాజు గారు లెక్క రాసిన కాగితాన్ని మడవకుండా గోడకి అంటించారు.

రోహిణి, పదో రోజు

వాన.

మధ్యాహ్నం భోజనాల వేళ. రోహిణిలో వాన పడదనే ధీమాతో ఉన్నాం. ఉన్నట్టుండి సముద్రం వైపు నుంచి నల్లగా లేచింది. అందరం చేతిలో ముద్దలు వదిలేసి పరిగెత్తాం. ఎండి చుట్టలు చుట్టినవి లోపలే ఉన్నాయి, వాటికి భయం లేదు. చాపల మీద ఉన్నవే మూడు వందల కిలోలు. వంద కిలోల దాకా లాగగలిగాం. మిగతావి నా కళ్ళ ముందే కరిగాయి. చినుకు పడిన చోటల్లా రేకు మెత్తబడి, తెల్లబడి, జావయిపోయి చాప అంచుల నుంచి జారింది. జారి ఎటు పోయిందో చూసే ఓపిక కూడా నాకు లేదు.

నేను వానలో నిలబడి గట్టిగా ఏడ్చాను. నాలుగు రోజులే మిగిలాయి. రెండు వందల కిలోల సరుకు పోయింది, బెల్లం ఇంకో కిలో కూడా లంకలో లేదు.

సూరాయమ్మ పిన్ని నా దగ్గరికి రాలేదు. చాపల చుట్టూ తీసిన చీమల కాలవల దగ్గర వంగి కూర్చుంది. దోసిట్లో కాస్త తీసి నాలిక్కి తగిలించుకుంది.

"అమ్మాయ్, ఇలారా. ఇదేటి?"

కాలవల నిండా జావ. బెల్లంతో సహా. వాన పలచన చేసింది తప్ప పెద్దగా బయటికి పోయిందేమీ లేదు.

"పోయిందేటే? పోలేదు. మళ్ళీ పరుత్తాం, మళ్ళీ ఎండుద్ది" అంది.

అప్పుడు నా బుర్రకి ఎక్కింది. మేము చేసిన సరుకు ఇదే కదా! తడిసినా చెడనిది, కరిగినా మళ్ళీ వచ్చేది. దీన్ని వాన పాడు చెయ్యలేదు, మహా అయితే మాతో మళ్ళీ పని చేయించగలదు. ఇందాకటి ఏడుపు అలా ఉండగానే నవ్వొచ్చింది. బకెట్లు తెమ్మని అరిచాను.

గట్టు మీద ఎండ లేదు. నలభై రెండు వంటిళ్ళలో పొయ్యిలు వెలిగించాం. మంచాలు బయట పడేసి గదుల్లో చాపలు పరిచాం. నా వంటింట్లో, నేను గరిటెడు జావతో పూసిన పగులు మీద కూడా ఒక చాప ఉంది.

రోహిణి, పద్నాలుగో రోజు

గాలిపడవ వచ్చింది. ఉబ్బిన పొట్ట, తెల్లగా, దాని ఒళ్ళంతా కూడా కర్ర రేకే. నడిపే అతను దిగగానే ముక్కు ఎగబీల్చి, "ఇక్కడ తాండ్ర చేస్తున్నారా?" అని అడిగాడు.

తూకం: తొమ్మిది వందల అరవై కిలోలు. నలభై తక్కువ. కొంత వానకి కొట్టుకుపోయింది, కొంత చీమలు తిన్నాయి. ఇంకొంత మా లంక జనం తిని చూశారని నా అనుమానం. ఓబులేశుకి ముందే చెప్పాను, ఆరో కుంట దాకా ఖాయమని, ఏడోది సగమేనని.

తాడు విప్పేముందు పిన్ని చివరి చుట్ట మీద చెయ్యేసి కాసేపు ఉంది. గాలిపడవ లేచి పడమటికి తిరిగింది. అది కనపడకుండా పోయేదాకా నలభై రెండు తెప్పల జనం మెడలు ఎత్తే ఉన్నారు.

మృగశిర కార్తె, నాలుగో రోజు

నాలుగు రోజులుగా రేడియో లేదు, గాలుల వల్ల. నేను మనిషిలా లేను. దుంగల లెక్క రెండుసార్లు తప్పు రాశాను. భద్రిరాజు గారు రోజుకి తొమ్మిది టీలు తాగుతున్నారు. సంఘం వాళ్ళ పడవ వచ్చి కొక్కేలు ఎన్నున్నాయో లెక్క పెట్టుకుని వెళ్ళింది. మా ఇంటికీ పిన్ని ఇంటికీ మధ్య ఉన్న వాటిని కూడా.

మృగశిర, ఆరో రోజు

పదకొండు గంటలకి గరగరమంటూ గొంతు వచ్చింది.

"హైమక్కా! హైమక్కా, ఇనపడతాందా? కలిసిందక్కో!"

రేడియో గది తలుపు దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడ్డారు.

"నానబెడితిమి. పొద్దన లేసి చూస్తే జావ! మా వాళ్ళు నమ్మల్యా. మూడుసార్లు కడిగినాం. మేకలు ఆ నీళ్ళు తాగి ఇప్పుడు మామూలు నీళ్ళు ముట్టమంటాండాయి, అదొక్కటే తిప్పలు. బిళ్ళలు పోసి మా ఎండకి పెడితే ఒగటిన్నర దినానికే ఎండిపాయ. ఆరు కుంటలు కప్పినాం. మూడు దినాలాయ, నీళ్ళ గుర్తు గోరంత కూడా దిగల్యా అక్కా!"

భద్రిరాజు గారు మైకు తీసుకుని, "మీ ఏడో కుంట సగానికి సరుకు బాకీ ఉన్నామండి" అన్నారు.

"ఏడోదొక్కటేనా సామీ? సుట్టుపక్కల ఊర్లోల్లు పొద్దన్నించి నా ఇంటి ముందర నిలబడుకున్నారు. మూడు నూర్ల కుంటలు. గాలులు తగ్గినాక ఎన్ని తడవలు తిరిగితే అన్ని తడవలు అంపియండి. అది సరే గానీ, ఈ సరుకుని ఏమనల్ల? పేరు జెప్పకుంటే మావాళ్ళు తీపి రేకులంటాండారు."

అందరూ పిన్ని వైపు చూశారు. పిన్ని నా వైపు చూసింది. "తాండ్రేనండి. ఇంకేటి?" అంది.

మృగశిర, పదకొండో రోజు

సంఘం ఉత్తరం. లంక విప్పడం లేదు. మూడు వందల కుంటల పనికి మనుషులు చాలరు కాబట్టి, మూతపడ్డ తొమ్మిదో లంక మిల్లు నుంచి పదకొండు తెప్పల్ని మాకు తగిలిస్తారు. జాబితా కింద ఉంది. నాలుగో పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది.

పిన్ని గట్టు మీద కుర్రపిల్లలకి పరవడం నేర్పుతోంది. వెళ్ళి కాగితం చూపించాను. ఆవిడకి చదువు రాదు, నేను చదివాను. నాలుగో పేరు రెండుసార్లు చదివించుకుంది. తరవాత జావ చేతులు నా చీర కొంగుకే తుడిచేసుకుంది.

మృగశిర, పద్నాలుగో రోజు

పొద్దున ఏడింటికి లాగుడు పడవలు కనిపించాయి. వెనక వరసగా పదకొండు ఇళ్ళు, నీళ్ళ మీద ఊగుతూ. నాలుగో తెప్ప గడపలో ఒకావిడ నిలబడి ఉంది. దూరం నుంచే తెలిసిపోతోంది, పిన్ని పోలికే, పొట్టిగా, చీర అలాగే ఎగ్గట్టుకుని.

తెప్ప దగ్గరయ్యాక అక్కాచెల్లెళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"బెల్లం తెచ్చావా?" అంది సూరాయమ్మ పిన్ని.

"తెచ్చానే అప్పా. పది కిలోలు" అంది చిన్నమ్ములు, ఏడుస్తూనే.

సుత్తి పట్టుకుని నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఉప్పుగాలికి తుప్పు పట్టిన కొక్కేలు పడాలంటే ఎప్పుడూ పది దెబ్బలన్నా కావాలి. భద్రిరాజు గారు తెప్పని భుజంతో ఒక్క నెట్టు నెట్టారు.

ఈ రోజు లెక్క: సరుగుడు దుంగలు ముప్పై. జావ తొమ్మిది తొట్లు. తెప్పలు యాభై మూడు. మట్టపర్తి సూరాయమ్మ తెప్పకి తూర్పు వైపు కొక్కేలు నాలుగూ పడ్డాయి. సుత్తి అవసరం రాలేదు.